కాటాకు పెట్టకండి, మాటు వేయించండి



హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడితే నాలుగు దార్లు కనిపిస్తాయి. ఒకటి బెజవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి గుడివాడకు, ఒకటి నూజివీడుకు. దక్షిణాన పల్లం. వరి చేలు, చేపల చెరువులు. ఉత్తరాన మెరక. మామిడి తోటలు. ఈ దార్ల మీద పాత సామాన్లు కొనే బళ్లు రోజూ తిరుగుతాయి. ఇనప ముక్కలు, విరిగిన కుర్చీలు, కాలిపోయిన మోటార్ల మధ్య అప్పుడప్పుడూ ఒక పొడుగాటి రాగి పీపా పడుకుని కనిపిస్తుంది. దానికి మూడు కాళ్లు, పక్కన గరాటు, నడుమ గొట్టం. అది మన పెద్దలు దొడ్లో నీళ్లు కాచుకున్న బాయిలర్. కాటా మీద పెట్టి, కిలో ఇంత అని లెక్కగట్టి, సుత్తితో నొక్కి చదును చేసి తీసుకుపోతున్నారు. అలా పోతున్నవాటిలో చాలావాటికి మరమ్మతు చేయించుకోవచ్చు. చేయించుకోవాలని నా గట్టి నమ్మకం. ఈ పూట ఆ సంగతే మీతో చెబుతాను.

చలిదేశాల్లో కట్టెల బాయిలర్ అంటే ఇల్లంతా వెచ్చబెట్టేది. ఇంటి అడుగున నేలమాళిగలో మంట, అక్కణ్ణుంచి వేడినీళ్లు గొట్టాల్లో గదిగదికీ తిరుగుతాయి. మనకు ఆ అవసరం లేదు. నూజివీడు మెరకలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా చలి 18 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. గదికి వేడి అక్కర్లేదు, ఒంటికి కావాలి. చంటిపిల్లలకు, బాలింతలకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, భోగినాడు తలంటుకు ఇంటిల్లిపాదికీ కావాలి. అందుకే మన దగ్గర బాయిలర్ ఇంట్లోకి రాలేదు. నూతి పక్కన, స్నానాలగది గోడకు ఆనుకుని పెరట్లోనే నిలబడింది.

దానికి ముందు కాగు ఉండేది. మూడు రాళ్ల మీద కాగు పెట్టి కింద మంట వేస్తే, ఆ మంటలో నూటికి పదిహేను వంతులు కూడా నీళ్లకు అందవు. మిగతాదంతా పక్కలకు, గాలికి పోతుంది. తెల్లవారుజామున లేచి పొయ్యి ముందు కూర్చుని కళ్లు మండించుకున్న ఆడవాళ్లకు ఆ నష్టం ఎంతటిదో బాగా తెలుసు. బాయిలర్ ఈ నష్టాన్ని తగ్గించడానికే పుట్టింది.

దాని లోపలి అమరిక చూడండి. బయట పీపా. దాని నడుమ పైనుంచి కిందిదాకా ఒక గొట్టం. గొట్టానికీ పీపాకూ మధ్య నీళ్లు. గొట్టం అడుగున ఇనప జల్లెడ. నిప్పు ఆ జల్లెడ మీద, గొట్టం లోపల ఉంటుంది. అంటే మంట చుట్టూ నీళ్లే. మంట ఎటు వేడి చిమ్మినా ముందు తగిలేది నీళ్లను పట్టుకున్న రాగి రేకుకే. గొట్టమే పొగగొట్టం కూడా కావడంతో అది గాలిని కిందనుంచి లాగుతుంది, విసనకర్ర పని లేదు. రష్యావాళ్ల సమోవర్ ఇదే సూత్రం. కాశ్మీరులో టీ కాచే సమోవర్ కూడా అంతే. మహారాష్ట్రలో ఇళ్లలో నీళ్లు కాచుకునే రాగి బంబ్ మన బాయిలర్‌కు సొంత అన్న.

అసలు తెలివంతా గరాటులో ఉంది. గరాటు కాడ పీపా లోపల దాదాపు అడుగుదాకా దిగుతుంది. వేణ్ణీళ్లు బయటికి వచ్చే గొట్టం మాత్రం పైభాగాన ఉంటుంది. వేణ్ణీళ్లు తేలిక, చన్నీళ్లు బరువు. మీరు గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి దిగి, పైన తేరిన వేణ్ణీళ్లను చెంబెడు బయటికి నెడతాయి. చన్నీళ్లు పోయకపోతే వేణ్ణీళ్లు రావు. దీనివల్ల ఎంత మంది స్నానం చేసినా బాయిలర్ ఖాళీ కాదు, ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇదంతా కేవలం సౌకర్యం కోసం చేసింది కాదు, బాయిలర్ ప్రాణం అందులో ఉంది. ఎలాగంటారా?

అతుకుల దగ్గర చాలా బాయిలర్లకు తగరం, సీసం కలిపిన మాటు ఉంటుంది. ఆ మిశ్రమం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. కట్టెల మంట వేడి అంతకు ఎన్నో రెట్లు. మరి అతుకు ఎందుకు ఊడదు? నీళ్లు అవతలి పక్కన ఉన్నంతసేపూ రేకు 100 డిగ్రీలను దాటి పెద్దగా వేడెక్కదు. నీళ్లు అయిపోయిన మరుక్షణం నుంచి ఆ కాపు ఉండదు. కొన్ని నిమిషాల్లో మాటు నీరైపోతుంది. పాత బాయిలర్ కారుతోందంటే, ఎప్పుడో ఒకసారి నీళ్లు లేకుండా మంట వేసి ఉంటారని చాలా సందర్భాల్లో అనుకోవచ్చు. అడుగున కుళాయి ఉన్న రకాలకు ఈ ముప్పు ఎక్కువ. కుళాయి తిప్పి నీళ్లన్నీ పట్టేసుకుంటారు, లోపల నిప్పు ఇంకా ఉంటుంది.

ఇప్పుడు మరమ్మతు సంగతి. ఏదో పాత బాయిలర్ మీ కొట్టంలోనో అటక మీదో ఉంది. ముందుగా అది రాగిదో ఇత్తడిదో తేల్చుకోండి. పైన నల్లటి మసి, పచ్చటి చిలుము పట్టి ఉంటాయి కాబట్టి చూడగానే తెలియదు. చింతపండు, ఉప్పు కలిపి ఒక మూల రుద్దితే ఎర్రగా మెరిస్తే రాగి, పసుపుగా మెరిస్తే ఇత్తడి. చాలా బాయిలర్లకు పీపా ఇత్తడి, లోపలి గొట్టం రాగి ఉంటాయి. అందులో అర్థం ఉంది. రాగి ఇత్తడికన్నా మూడు రెట్లకు పైగా వేడిని మోస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకన్నా ఇరవై రెట్లకు పైగా. మంట తగిలే చోట రాగి పెట్టినవాడు పని తెలిసినవాడు.

ఏ లోహమో తెలియడం ఎందుకంటే, దాన్ని బట్టి అతుకు మారుతుంది. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇత్తడి దానికన్నా తక్కువలో, సుమారు 900 నుంచి 940 డిగ్రీల మధ్య కరుగుతుంది. అందుకని రాగి గొట్టానికి వెలిగారం చల్లి, ఇత్తడి కడ్డీతో గ్యాస్ మంట మీద గట్టి అతుకు వేయవచ్చు. అదే పని ఇత్తడి పీపాకు చేయబోతే అతుకుతో పాటు పీపా కూడా కరిగి రంధ్రం పెద్దదవుతుంది. ఇత్తడికి వెండి కలిసిన కడ్డీ వాడాలి, అది 700 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది. ఇనప తలుపులు, గేట్లు అతికే వెల్డింగు షాపుకు బాయిలర్‌ను తీసుకెళ్లి పాడు చేయించుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆ పని ఆ షాపు పని కాదు.

ఇత్తడి గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. మా చుట్టాల ఇంట్లో ఒక ఇత్తడి బాయిలర్ వాడకం ఆగిపోయాక చాలా ఏళ్లు గొడ్ల చావిట్లో పడి ఉంది. దెబ్బ తగల్లేదు, మంట తగల్లేదు. అయినా అంచు దగ్గర సన్నటి పగుళ్లు వచ్చాయి. కారణం గొడ్ల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా. సుత్తి దెబ్బలతో బిగుసుకున్న ఇత్తడిని అమ్మోనియా గాలి, తేమ కలిసి పగలగొడతాయి. ఇది మన దేశంలోనే బయటపడిన సంగతి. బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. కారణం అమ్మోనియా అని 1921లో గాని శాస్త్రజ్ఞులు తేల్చలేకపోయారు. కాబట్టి ఇత్తడి సామాను ఏదైనా సరే చావిట్లో పెట్టకండి. ఎరువుల బస్తాల పక్కన అసలే పెట్టకండి. పగుళ్లు అప్పటికే అంచంతా పాకి ఉంటే ఆ పీపాకు మరమ్మతు దండగ. లోపలి రాగి గొట్టం బాగుంటే అది విప్పి కొత్త పీపాలో పెట్టించుకోవచ్చు.

తర్వాత శుభ్రం. మెరకలో బోరునీళ్లలో సున్నం ఎక్కువ. కాగిన కొద్దీ ఆ సున్నం తెల్లటి గారగా మారి గొట్టానికి బయటి పక్క, అంటే నీళ్ల వైపు అంటుకుంటుంది. మంట వైపు నల్లటి మసి. రెండు పొరల మధ్య రాగి చిక్కుకుంటే వేడి నీళ్లకు చేరదు, కట్టెలు మాత్రం అయిపోతాయి. నీళ్లు త్వరగా కాగడం లేదని బాయిలర్ను తీసేసినవాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఇదే. మసికి కొబ్బరిపీచు, పొడుగు కర్ర చాలు. గారకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి, బాయిలర్ నింపి, రాత్రంతా ఉంచి, తెల్లారి పారబోయండి. గార మందంగా ఉంటే మళ్లీ చేయండి. స్నానాలగది బండలు కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. అది గారను తినేశాక ఇత్తడిలోని జింకును కూడా తింటుంది. పైకి ఎర్రగా మెరుస్తుంది గాని రేకు బలం పోతుంది.

శుభ్రమయ్యాక కారుడు ఎక్కడో పట్టుకోవాలి. బాయిలర్ను బాగా ఆరబెట్టి, అతుకుల మీద పొడి ముగ్గుపిండి పల్చగా అద్దండి. గొట్టం లోపల కూడా చెయ్యి దూరినంత మేర అద్దండి. అప్పుడు నీళ్లు నింపి వదిలేయండి. ఎక్కడ ముగ్గు తడిసి మచ్చ పడితే అక్కడ మాటు కావాలి. గొట్టం లోపలి కారుడే ప్రమాదం, ఎందుకంటే అది బయటికి కనిపించదు. రోజూ నిప్పు ఆరిపోతుంటుంది, కట్టెలు పచ్చివనుకుంటాం.

మాటు వేసే మనిషిని వెతకడమే ఇప్పుడు కష్టం. ఒకప్పుడు సొట్టలు తీస్తాం, మాట్లు వేస్తాం, కళాయి పోస్తాం అంటూ తిత్తి, బొగ్గులు, నవసాగరం మూటతో వీధిలోకి వచ్చేవారు. ఆ కేక మెరక ఊళ్లలో ఇప్పుడు వినపడటం అరుదు. అయినా పని బతికే ఉంది. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. అక్కడ బిందెలు, గంటలు, గంగాళాలు చేసే కుటుంబాలున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో బుడితి కూడా అలాంటిదే. హనుమాన్ జంక్షన్ నుంచి అజ్జరం మరీ దూరం కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, అంతా ఒకే జాతీయ రహదారి మీదే ప్రయాణం. రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి ఒక ఆటోలో తమ బాయిలర్లు వేసుకుని పోతే ఖర్చు పంచుకోవచ్చు. ఆ పనివాళ్ల చేతిలో సుత్తి పడితే తేడా తెలుస్తుంది. సొట్ట పడ్డ రాగిని ముందు ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఉక్కైతే అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తబడ్డాక లోపల దాపు పెట్టి పైనుంచి చిన్న చిన్న దెబ్బలతో తీస్తారు. అలా తీసిన రేకు మీద వేళ్లు ఆనించి చూస్తే ఆ దెబ్బల వరస తగులుతుంది. అంత ఒద్దికైన చేతిపని మన కళ్లముందే అంతరించిపోతుంటే చూస్తూ ఊరుకోలేక కూడా ఈ మాటలు చెబుతున్నాను.

పనివాడికి మూడు విషయాలు ముందే చెప్పండి. మంట తగిలే చోట మెత్తటి తగరం మాటు వద్దు, గట్టి అతుకే కావాలని. ఇనప కుళాయి, ఇనప బోల్టు బిగించవద్దని. రాగిని ఆనుకుని తడిలో ఉన్న ఇనుము త్వరగా తుప్పు పట్టి పోతుంది, ఇత్తడివే వేయాలి. ఇక జల్లెడ మాత్రం ఇనపదే, మందమైనది, విడిగా తీసి పెట్టుకునేట్టు ఉండాలి. అది ఎలాగూ కొన్నేళ్లకు కాలిపోతుంది, మార్చుకోవాలి. బజార్లో దొరికే పుట్టీ రాసి కారుడు ఆపేవాళ్లున్నారు. గొట్టం వైపు అది నాలుగు రోజులు కూడా నిలవదు.

పాత మాట్లలో సీసం ఉంటుంది కాబట్టి బాయిలర్ నీళ్లు స్నానానికే. తాగడానికి, వంటకు, పాలసీసాలు కడగడానికి వాడకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట, దయచేసి శ్రద్ధగా వినండి. పాత బాయిలర్‌కు గరాటు నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్లు మరిగితే ఆవిరి అటునుంచి పోతుంది. మేడ మీద ట్యాంకు నుంచి నేరుగా పైపు వేసి, గరాటు తీసేసి, రెండు పక్కలా వాల్వులు బిగించి దీన్ని గీజర్‌లా మార్చాలని కొందరు ప్లంబర్లు సలహా ఇస్తున్నారు. అది ప్రాణాంతకం. లీటరు నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. ఆ ఒత్తిడికి పల్చటి రాగి రేకు నిలవదు. 1863లో కలకత్తాలో ఆవిరి బాయిలర్ పేలి మనుషులు చనిపోయాకే మన దేశంలో బాయిలర్ల తనిఖీకి చట్టం మొదలైంది. తర్వాత 1923లో దేశమంతటికీ చట్టం వచ్చింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. ఆ చట్టాల పట్టింపు మూసి ఉన్న పాత్రలో ఒత్తిడితో ఆవిరి పుట్టించే యంత్రాల గురించి. మన దొడ్లో బాయిలర్ ఆ కోవలోకి రాకపోవడానికి కారణం దాని నోరు తెరిచి ఉండటమే. ఆ నోరు మూయకండి. ట్యాంకు నీళ్లు కావాలంటే కుళాయి గరాటు మీదికి వంచి పెట్టుకోండి, చాలు.

కట్టెల సంగతికి వద్దాం. ఇక్కడ హనుమాన్ జంక్షన్, నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు రైతులకు ఉన్న సౌలభ్యం అందరికీ లేదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ, ఏ తోటైనా కోతలయ్యాక జూన్, జూలైలలో ఎండుపుల్లలు, తెగులు పట్టిన కొమ్మలు, లోపలికి గుబురుగా పెరిగిన రెమ్మలు తీసేయాలి. గాలి వెలుతురు ఆడితేనే మరుసటి ఏడు పూత బాగుంటుంది. ఆ తీసిన పుల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? గట్టు మీద పోగేసి తగలబెడుతున్నారు. అదే కట్టెను చేతిపొడుగున కొట్టి, వాన తగలని చూరు కింద పేర్చుకుంటే సంక్రాంతికి ఎండి గలగలమంటుంది. పచ్చి మామిడి కొమ్మలో సొన ఉంటుంది, పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. పైగా అందులోని నీరు ఆవిరి కావడానికే కొంత వేడి పోతుంది. కొబ్బరి డొక్కలు, చిప్పలు, గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లు, తాటిమట్టలు, ఏవైనా ఫరవాలేదు, ఎండి ఉంటే. జీడిగింజల తొక్కలు మాత్రం వద్దు, వాటి నూనె పొగ ఒంటికి చెరుపు. ప్లాస్టిక్ కవర్లు, టైరు ముక్కలతో నిప్పు రాజేయడం అంతకన్నా చెరుపు.

ఎంత కట్టె కావాలో లెక్క చెబుతాను. 25 లీటర్ల బాయిలర్. చలికాలపు నీళ్లు 24 డిగ్రీలు, 70 డిగ్రీల దాకా కాచాలి. కరెంటుతో కాస్తే ఒకటింబావుకు కాస్త పైన యూనిట్లు ఖర్చవుతుంది. బాగా ఎండిన కట్టె కిలోలో ఉన్న వేడి సుమారు నాలుగు యూనిట్లతో సమానం. శుభ్రంగా ఉన్న బాయిలర్ అందులో మూడో వంతు నీళ్లకు ఇవ్వగలిగితే, కిలో పుల్లలు సరిపోతాయి. ఆ 25 లీటర్లలో సమానంగా చన్నీళ్లు, ఇంకాస్త ఎక్కువే, కలుపుకోవచ్చు. అంటే ముగ్గురికి స్నానం.

గ్యాసు, గీజరు, ఇంటిమీద సూర్యరశ్మితో కాగే ట్యాంకు ఉన్న రోజుల్లో మళ్లీ కట్టెలా అని అడిగేవాళ్లు న్యాయంగానే అడుగుతున్నారు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చి వంటింటి పొగను చాలామేరకు తరిమాయి. అది చిన్న మేలు కాదు. ఆ పొగను వంటింట్లోకి మళ్లీ తెచ్చే మాట నేను చచ్చినా చెప్పను. అపార్టుమెంటులో ఉన్నవాళ్లకు, పెరడు లేనివాళ్లకు, కట్టె కొనుక్కోవాల్సినవాళ్లకు, ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నవాళ్లకు బాయిలర్ వద్దు. సూర్యరశ్మి ట్యాంకు పెట్టుకోగలిగితే పెట్టుకోండి. బాయిలర్ కోసం పచ్చని చెట్టు ఒక్కటి కూడా కొట్టకండి. కాని తోట ఉండి, దొడ్డి ఉండి, ఎలాగూ గట్టు మీద కాలిపోయే పుల్లలు ఉండి, తాతలనాటి రాగి బాయిలర్ కొట్టంలో ఉన్న ఇళ్లు ఈ మెరకలో వందలకొద్దీ ఉన్నాయి. వాళ్లు దాన్ని అమ్మేసి గీజరు కొనడంలో నాకు లాభం కనిపించడం లేదు.

పెట్టే చోటు బయటే. చూరు కింద ఉండవచ్చు గాని మూడు పక్కలైనా గాలి ఆడాలి. మూసిన స్నానాలగదిలో నిప్పు ఉంటే వాసన లేని విషవాయువు పుడుతుంది, నిద్ర వచ్చినట్టుగా ఉండి మనిషి పడిపోతాడు. తాటాకు పాకకు, గడ్డివాముకు దూరంగా పెట్టండి. పిల్లలు అటు రాకుండా చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చండి. ముందు నీళ్లు, తర్వాతే నిప్పు. నిప్పు పూర్తిగా ఆరాకే ఖాళీ చేయడం. బూడిద ఏ పూటకాపూట తీసేయండి. తడిసిన బూడిద రేకును తినేస్తుంది, పొడి బూడిద మీ కొబ్బరిచెట్టు పాదుకు మంచి ఎరువు. చలికాలం అయిపోయాక నీళ్లన్నీ వంచి, తలకిందులుగా పెట్టి ఆరబెట్టి దాచండి.

ఇది చేయడానికి సరైన కాలం కోతలు ముగిసిన వెంటనే. తోటలో పుల్లలు తీసే వారంలోనే కొట్టంలో ఉన్న బాయిలర్‌ను బయటికి తీసి ముగ్గుపిండి అద్ది చూడండి. మాటు అవసరమైతే దసరాలోగా వేయించండి, సంక్రాంతి ముందు ఆ పనివాళ్లకు తీరిక ఉండదు. బాయిలర్ మీకు అక్కర్లేకపోతే కాటా బండి పిలవకముందు పక్కింటివాళ్లను, తోట ఉన్న బంధువులను ఒక్కసారి అడగండి. రాగి బరువుకు ఇచ్చే డబ్బే వాళ్లూ ఇస్తారు, బాయిలర్ బాయిలర్‌గానే ఉంటుంది.